ఒక్కసారికే ఇచ్చిన వీసా

ఆర్మూర్ బస్టాండు ఎదుటి సందులో మాకో టికెట్ల దుకాణం ఉంది. మా ఆయన గల్ఫ్ నుంచి వచ్చేశాక పెట్టిన దుకాణం. బయటి పనులన్నీ ఆయనవి, కంప్యూటరు ముందు కూర్చునేది నేను. పదకొండేళ్లుగా దుబాయ్, మస్కట్, దోహా టికెట్లు తీస్తున్నాను. ఆ ఊళ్లేవీ చూడలేదు, విమానం ఎక్కలేదు. అయినా ఏ విమానాశ్రయంలో ఏ వైపుకు నడవాలో అడిగినవాళ్లకు చెప్పగలను. ఆ ధీమాతోనే ఒక తప్పు చేశాను. దాని సంగతే ఇది.

ఒక డిసెంబరు ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి నేరుగా ఒకామె దుకాణానికి వచ్చింది. నందిపేట్ పక్కన పల్లె. ముప్పై అయిదేళ్లుంటాయేమో. భర్త పెళ్లయిన రెండేళ్లకే పోయాడు, పిల్లలు లేరు. గల్ఫ్‌లో ఒక హోటల్లో ఆరేళ్లు గదులు సర్దే పని చేసింది. అక్కడ మనుషుల్ని తగ్గించేసరికి తిరిగొచ్చి, అన్న ఇంట్లో ఉంటూ పసుపు పనికి కూలికి పోతోంది. ఫోను నా ముందు పెట్టి అడిగింది.

"అక్కా, గీ ఊరికి టికెట్ ఉంటదా?"

పేరు కొట్టి చూశాను. మ్యాపు పైకి పైకి జరిగి, నార్వే దాటి, సముద్రం దాటి, ఉత్తర ధ్రువం అంచున తెల్లగా ఉన్న దీవుల మీద ఆగింది. స్వాల్‌బార్డ్. అక్కడున్న చిన్న ఊరు లాంగియర్‌బీన్.

"గిక్కడ ఏమున్నదమ్మా?" అన్నాను.

గల్ఫ్‌లో ఆమె పైన పనిచేసిన మలయాళీ మేడం ఇప్పుడు ఆ ఊళ్లో ఒక చిన్న హోటలు నడిపిస్తోందట. చలికాలంలో నెలల తరబడి అక్కడ సూర్యుడు కనిపించడు. మార్చి మొదట్లో మళ్లీ వస్తాడు. సూర్యుడితో పాటే చూడ్డానికి జనం వస్తారు. అప్పటి నుంచి సెప్టెంబరు దాకా సీజను. ఆ సీజనుకు మనిషి కావాలని ఈమెను గుర్తుపెట్టుకుని పిలిచింది.

"ఏజెంట్ లేడు, ఎవ్వల్లేరు. నా పని జూసి పిలిచింది అక్కా," అంది. ఆ మాట రెండుసార్లు అంది.

వాళ్లన్న బయట మోటారుసైకిలు మీదే కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతడొకప్పుడు ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద గల్ఫ్ పోయి, మూడు నెలలు ఒక గదిలో కూర్చుని, పనీ పాటా లేకుండా వాపసు వచ్చినవాడు.

"మేడం, సూర్యుడే రాని జాగల హోటల్ ఎందుకు పెడతరు? మనిషి పొయ్యే తావేనా అది?" అన్నాడు.

"కాయిదాలు చూసి చెప్త అన్నా. ఫికర్ చెయ్యకు," అన్నాను.

వారం రోజులు చదివాను. ఆ దీవుల్లో పని చెయ్యడానికి వర్క్ వీసా అక్కర్లేదు, ఏ దేశం వాళ్లయినా పోయి బతకొచ్చు. కాకపోతే అక్కడికి విమానాలు నార్వే మీదుగానే పోతాయి. అందుకని నార్వేలో దిగడానికి వీసా కావాలి. హోటలు పంపిన ఒప్పందం నిజమైందే. మలయాళీ మేడంతో నేనే వీడియోలో మాట్లాడాను. ఆమె వెనక కిటికీ బయట పగలు పన్నెండింటికి చిమ్మచీకటిగా ఉంది.

హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి ఓస్లో, రాత్రికి ఓస్లోలోనే ఉండి తెల్లారి పది గంటలకు లాంగియర్‌బీన్ విమానం. కాగితం మీద వేసి ఇద్దరికీ చూపించాను. తర్వాత వీసా ఫారం నింపాను. అందులో ఒక చోట, ఎన్నిసార్లు ప్రవేశం కావాలి అని ఉంటుంది. ఒకసారి, రెండుసార్లు, ఎక్కువసార్లు. పోయేది ఒకసారి, వచ్చేది ఒకసారి, ఇందులో ఆలోచించేదేముంది అనుకుని ఒకసారి అన్నచోట టిక్కు పెట్టాను.

ఫిబ్రవరి మొదట్లో వీసా వచ్చింది. ఆమె పాలకోవా పట్టుకొచ్చింది. వాళ్లన్న మొదటిసారి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నెలాఖరుకు టికెట్లు తీశాను. ప్రయాణానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఆ మర్నాడు, ఓస్లోలో ఆమె ఏ గేటు వైపు పోవాలో రాసిద్దామని ఆ విమానాశ్రయం సమాచారం చదువుతున్నాను. స్వాల్‌బార్డ్ పోయేవాళ్లు పాస్‌పోర్టు తనిఖీ దాటాలి అని ఉంది. నార్వే నుంచి నార్వే దీవికి పోవడానికి పాస్‌పోర్టు ఎందుకు? ఇంకొంచెం చదివాను. దీవులు నార్వేవే, కానీ ఆ వీసా చెల్లే ప్రాంతంలో లేవు. అక్కడికి పోతే ఆ ప్రాంతం విడిచిపోయినట్టు. తిరిగొస్తే రెండోసారి ప్రవేశించినట్టు.

కంప్యూటరులో దాచిన ఆమె వీసా తెరిచాను. ప్రవేశాలు అన్నచోట సున్నా ఒకటి అని ఉంది.

ఓస్లోలో దిగగానే ఆ ఒక్కటీ అయిపోతుంది. దీవికి చేరుతుంది, ఆరు నెలలు పని చేస్తుంది. సెప్టెంబరులో రావాలంటే దారి లేదు.

మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన నిజామాబాద్‌లో ఉన్నాడు.

"వాపస్ వచ్చేటప్పుడు గదా. అప్పటి సంగతి అప్పుడు. హోటలోళ్లే చూసుకుంటరు తియ్," అన్నాడు.

ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించిన మాట నిజం. సెప్టెంబరు దాకా ఎవరికీ తెలియదు. అప్పటికి ఆమె అక్కడుంటుంది, నేనిక్కడుంటాను. తప్పు ఎక్కడ జరిగిందని అడిగేవాళ్లెవరు? సాయంత్రం దాకా అదే ఆలోచన. మస్కట్ పోయే ఒకాయన పేరు టికెట్లో తప్పు కొట్టి, మళ్లీ దిద్దాను. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే, "నా పని జూసి పిలిచింది" అన్న గొంతే చెవుల్లో ఉంది.

పొద్దున దుకాణం తెరవకుండా నందిపేట్ షేరాటో ఎక్కాను. వాళ్లు కళ్లంలో ఉన్నారు. పసుపు ఉడకబెట్టే బాయిలరు పొగలు కక్కుతోంది. ఉడికిన కొమ్ములు నేల మీద పరిచి ఉన్నాయి, ఆమె వంగి వాటిని తిప్పుతోంది. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఏమయింది అక్కా, గింత దూరం వచ్చినవ్?"

నిలబడే చెప్పాను. ఫారంలో నేనే తప్పు పెట్టానని, ఈ వీసాతో పోతే తిరిగి రాలేదని. వాళ్లన్న బాయిలరు దగ్గరి నుంచి వచ్చి సగంలో విన్నాడు.

"జెప్పలే నేను? మొదటి దినం నుంచి జెప్తున్న. గిట్లనే అయితది. నన్ను గదిల కూసోబెట్టినట్టు దీన్ని గా మంచుల కూసోబెడుతుంటిరి!" అని గట్టిగా అరిచాడు. కళ్లంలో పనిచేసేవాళ్లంతా తలలెత్తి చూశారు. అనాల్సిన మాటే అన్నాడు.

ఆమె మాత్రం నెమ్మదిగా అడిగింది. "నువ్వు గిది జెప్పకుంటె నాకు ఎప్పుడు తెలుస్తుండె అక్కా?"

"సెప్టెంబర్ల. తిరిగొచ్చేటప్పుడు."

వంగి కాలి దగ్గరి పసుపు కొమ్ములు రెండు తిప్పింది. నన్ను తిట్టినా బాగుండేది.

"మల్ల ఫారం ఎప్పుడు నింపుదాం?" అంది.

"వద్దు. అయిపోయింది ఇగ. ఇంటికాడ ఉండు," అన్నాడు వాళ్లన్న.

"అన్నా, తప్పు ఫారంల ఉన్నది. నా పనిల లేదు," అంది ఆమె.

అతడు బాయిలరు దగ్గరికి పోయాడు.

మలయాళీ మేడం మార్చి మొదటి వారం దాటితే వేరే మనిషిని చూసుకోక తప్పదంది. నేను టికెట్లు ఒక వారం తర్వాతి తేదీకి మార్చాను. ఈసారి హైదరాబాద్‌కు నేనూ తోడు పోయాను. వీసా కేంద్రంలో కౌంటరు దగ్గరి అబ్బాయి, ఉన్న వీసా వాడకుండానే మళ్లీ ఎందుకు అడుగుతున్నారన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పింది. మొదటి ఫారం తప్పు నింపామని, దీవికి పోయి రావాలంటే రెండుసార్లు ప్రవేశం కావాలని, ఇదిగో హోటలు ఉత్తరమని. ఎవరు నింపారో చెప్పలేదు.

తర్వాత ఎదురుచూపులు. పొద్దున లేవగానే, మధ్యాహ్నం, దుకాణం మూసేముందు, అదే పేజీ తెరిచేదాన్ని. పరిశీలనలో ఉంది అన్న ఒక్క మాట తప్ప ఏమీ ఉండేది కాదు. రోజూ నాలుగింటికి వాళ్లన్న మోటారుసైకిలు సందులో ఆగేది. దిగేవాడు కాదు.

"వచ్చిందా?"

"ఇంక రాలే అన్నా."

తల ఊపి పోయేవాడు. పది రోజులు, పన్నెండు రోజులు. ప్రయాణం నాలుగు రోజుల్లోకి వచ్చింది, మూడు రోజుల్లోకి వచ్చింది. దుకాణానికి వచ్చినవాళ్ల మీద ఊరికే కసురుకున్నాను. ఆమె ఆ రోజుల్లో ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు. పసుపు పనికి పోతూనే ఉంది.

పాస్‌పోర్టు ప్రయాణానికి ముందు రోజు హైదరాబాద్ చేరింది. అన్నాచెల్లెళ్లిద్దరూ పెట్టెతో సహా పోయి అక్కడే తీసుకున్నారు. వీసా పేజీ ఫొటో తీసి పంపమన్నాను. పెద్దది చేసి చూశాను. సున్నా రెండు. అయినా మా ఆయనను పిలిచి చదివించుకున్నాను.

ఆమె విమానం ఎక్కింది. దోహా నుంచి ఒక మెసేజ్, ఓస్లో నుంచి ఒక మెసేజ్. మర్నాడు మన మధ్యాహ్నం రెండున్నరకు లాంగియర్‌బీన్ విమానం లేచింది. హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన వాళ్లన్న దుకాణంలో నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. విమానం ఎక్కడుందో చూపించే మ్యాపు తెరిచి పెట్టాను. పసుపురంగు చిన్న విమానం నీలి సముద్రం మీద కదులుతోంది. చాయ్ తెప్పించాను, ఇద్దరం తాగలేదు.

అయిదున్నర అవుతుండగా విమానం దీవుల దగ్గరకు చేరింది. అక్కడ ఒక చుట్టు తిరిగింది. మళ్లీ ఇంకో చుట్టు. తర్వాత మ్యాపు మీద ముక్కు దక్షిణానికి తిప్పింది.

"గదేంది మేడం? ఎనుకకు వస్తున్నదా?"

"మంచు ఎక్కువున్నట్టుంది. దిగనిస్తలేరు."

విమానం నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో వైపు పోతోంది. అప్పుడు తట్టింది నాకు. ఓస్లోలో ఆమె పాస్‌పోర్టు మీద బయటికి పోయినట్టు ముద్ర పడింది. ట్రోమ్సోలో దిగితే లోపలికి వచ్చినట్టు ఇంకో ముద్ర పడుతుంది. అదే రెండోది. రేపు దీవికి పోతే మళ్లీ తిరిగి రావడానికి మిగలదు.

దాచకుండా అతడికి చెప్పాను. ఈసారి అరవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఫోను కలవడం లేదు. మ్యాపు మీద విమానం నేలను చేరి మాయమైంది. ఇంకో ఇరవై నిమిషాలు. నేను చేసిన ఫోన్లకు లెక్క లేదు.

చివరికి ఆమే చేసింది.

"అక్కా, దిగనియ్యలే. మస్తు గాలి. విమానం ఉయ్యాల లెక్క ఊగింది."

"పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టిండ్రా?"

"ఇంక లేదు. లైన్ల ఉన్న."

గబగబా చెప్పాను. ముద్ర కొట్టకముందే ఆఫీసరుకు చెప్పాలని, నేను దీవిలో కాలు పెట్టలేదు, విమానమే తిరిగొచ్చింది అని చెప్పాలని. ఆమె అంతా విని, "సరే. ఫోన్ పెట్టకు," అంది.

స్పీకరులో పెట్టాను. చెప్పుల చప్పుడు, ఎవరివో మాటలు. తర్వాత ఆమె గొంతు. ఇంగ్లీషు. హోటల్లో నేర్చుకున్న ఇంగ్లీషు, ఒక్కో మాట విడివిడిగా, మర్యాదగా. గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్ అని మొదలుపెట్టింది. ఆయన ఏదో అడిగాడు. ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది, అదే స్థిమితంతో. వాళ్లన్న ఫోను మీదికి వంగి వింటున్నాడు. చెల్లెలు అలా మాట్లాడగా అతడెప్పుడూ విని ఉండడు. తర్వాత చాలాసేపు కాగితాలు తిరగేస్తున్నట్టు కొద్దిగా చప్పుడు.

"అక్కా," అంది చివరికి. "ఓస్లోల కొట్టిన ముద్ర మీద గీతలు కొట్టేసిండు. పోనట్టే లెక్క అన్నడు. కొత్తది కొట్టలే."

వాళ్లన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచి బయటికి పోయాడు. కొంచెం సేపటికి వేడి చాయ్‌లు రెండు పట్టుకుని వచ్చి ఒకటి నా ముందు పెట్టాడు.

ఆమె మర్నాడు దీవిలో దిగింది. మొదటి పది రోజులు ఏడ్చిందట, తర్వాత చెప్పింది. గాలికి తలుపు తెరవలేకపోయేదట, మంచు మీద జారి మోచెయ్యి వాచిందట. సూర్యుడు వచ్చిన రోజు హోటలు వాళ్లంతా పని ఆపి, ఎండ మొదట పడే ఒక మెట్టు దగ్గర నిలబడి చూశారు. ఆ ఫొటోలో ఆమె ముక్కు, కళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఎండాకాలంలో సూర్యుడు అసలు అస్తమించకపోతే నిద్ర పట్టక కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంది. సెప్టెంబరులో ఓస్లో మీదుగా ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేసింది.

ఈ ఏడు మళ్లీ పోయింది. హోటలుకు ఇంకో మనిషి కావాలంటే దొంకేశ్వర్ నుంచి తనకు తెలిసిన ఒకామెను వెంట తీసుకుపోయింది. ఇద్దరి ఫారాలూ నేనే నింపాను. వాళ్లు దిగి ఫోన్ చేసేదాకా ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.