తడి తాడును కోసే ఉక్కు కోసం రాయపురం దాకా

తొంభైల నడుమ ఒక శనివారం మద్రాసంతా కత్తి కోసం తిరిగాను. వంటింటి కత్తి కాదు. ఎన్నూరు నుంచి పులికాట్ దాకా ఉప్పుటేటి మీద నాలుగు రోజులు చిన్న పడవలో పోవాలని నాకూ, ఎన్నూరులోనే ఉండే నా స్నేహితుడు దేవదానానికీ కల. అంతకు ముందు ఏడు ఆ కల మొదటి గంటలోనే మునిగింది. పడవ తిరగబడి, ఎవరో వదిలేసిన నైలాన్ వలలో దేవదానం కాలు చిక్కుకుంది. నా నడుముకి మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి ఉంది. ఎంత కోసినా అది తాళ్ళ మీద జారుతూనే పోయింది. పక్క పడవ మనిషి దూకి, తుప్పు పట్టిన తన కత్తితో ఒక్క లాగు లాగి వాణ్ణి విడిపించాడు. ఒడ్డుకు చేరాక నేను ఉక్కును తిట్టాను. ఏడాది పొడుగునా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ ఉక్కు సంగతే చెప్పాను. దేవదానం మాత్రం పడవ మాటెత్తితే నవ్వి ఊరుకునేవాడు. వాడు లేకుండా నాకు ఆ నీళ్ళు అక్కర్లేదు. సరైన ఉక్కు చూపిస్తే వస్తాడనుకున్నాను.

పొద్దున ఎనిమిదికల్లా సౌకార్‌పేట చేరాను. లోపలి సందుల్లో నడవాల్సిందే. అప్పుడే తలుపులు తీస్తున్న కొట్ల ముందు నీళ్ళు చల్లిన వాసన, అగరొత్తుల పొగ, ఇంకా పూర్తిగా లేవని ఎండ. ఒక కొట్టులో పనిచేసే తెలుగాయన మఖమల్ పెట్టె తెరిచి వంకర కత్తి చూపించాడు. "దీని ఉక్కు ఏ రకం?" అన్నాను. "ఫారిన్ రకం సార్" అన్నాడు. అంతకు మించి ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. మెరుపు చూసి మళ్ళీ మోసపోదలచుకోలేదు కాబట్టి బీచ్ స్టేషన్ దాకా నడిచి, రెండు రూపాయల టికెట్టుతో జాలర్లుండే రాయపురం రైలెక్కాను.

ఐదారు నిమిషాల ప్రయాణం. కిటికీలోంచి ఓడరేవు క్రేన్లు తెల్లటి వెలుతురులో తేలుతున్నట్టు కనిపించాయి. ఎక్కడికి పోతున్నానో కాసేపు మరిచిపోయాను. రాయపురంలో దిగి చేపల వాసన వచ్చే వైపు నడిస్తే, చేపలు కోసేవాళ్ళకి కత్తులు చేసే కన్నయ్య కొలిమి దొరికింది. ఆయన తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగు కమ్మరి.

"యాడికి కత్తి? ఉప్పు నీళ్ళకా, మంచి నీళ్ళకా?" అన్నాడు ముందుగా. చెప్పాను. కిందటేటి వల సంగతి కూడా విని, పిడి వేయని మూడు కత్తులు నా ముందు పెట్టాడు. ఒకటి స్టెయిన్‌లెస్. ఒకటి ఇనుము అరగదీసే పాత ఆకురాయిని కాల్చి సాగదీసింది. మూడోది లారీ బరువు మోసే కమాను పట్టాతో చేసింది.

"ఆకురాయిది రొంబ గట్టి సార్. పదును నిల్చుకుంటాది. రాతి మీద పడిందంటే పెచ్చు లేస్తాది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు, పదును బిరీన పోతాది. పట్టాది వంగినా విరగదు, తుప్పు మాత్రం పడతాది."

"మూడిట్లో ఏది మంచిది?"

"నన్నడిగితే ఎట్ల? రుద్ది చూడు" అని సానరాయి మీద నీళ్ళు చల్లి నా వైపు తోశాడు. "ఆడ నీళ్ళల్లో నేనుంటానా, నీకు రుద్దిచ్చేదానికి?"

కొలిమి పొగలో కూర్చుని మధ్యాహ్నం దాకా రుద్దాను. ఆకురాయి ఉక్కు అరగంటైనా నా చేతికి లొంగలేదు. పట్టా ఉక్కు పావుగంటలో చేతి మీది వెంట్రుకను గొరిగేసేంత పదునెక్కింది. ఎంత సంతోషమేసిందో! ఆ ఊపులో సంచిలోంచి నా పాత కత్తి తీసి, "ఇలాంటి పనికిమాలిన ఉక్కు మాత్రం వద్దు" అన్నాను.

కన్నయ్య దాని అంచు మీద గోరు ఆనించాడు. "దీన్ని ఎన్నితూర్లు సాన పట్టినావు?"

"రోజూ తుడిచేవాణ్ణి."

ఆయన నవ్వలేదు. పది నిమిషాలు సాన పట్టి, నైలాన్ తాడును తొట్టిలో ముంచి కోశాడు. తెగింది. "మెత్తని ఉక్కే సార్. ఐనా సాన పట్టుంటే ఆ పొద్దు తెగుండును" అన్నాడు. పాత కత్తిని అందుకుని సంచి అడుగున దోపాను. పట్టా కత్తికి పిడి వేయించుకుని, అరవై రూపాయలిచ్చి బయటపడ్డాను.

మూడు గంటల రైలుకి అదే లైనులో ఎన్నూరు వెళ్ళాను. థర్మల్ స్టేషన్ పొగ గొట్టాల వెనక ఆకాశం బూడిదా బంగారమూ కలిసిన రంగులో ఉంది. ఉప్పుటేటి గట్టు మీద దేవదానం పక్కన కూర్చున్నాను. కొత్త కత్తి చూపించడానికి వెళ్ళినవాణ్ణి, దాన్ని సంచిలోంచి తీయలేకపోయాను.

"ఉక్కు తప్పు కాదురా. కొన్న రోజు నుంచీ ఒక్కసారి కూడా పదును పెట్టలేదు నేను" అన్నాను.

వాడు నీళ్ళ వంకే చూశాడు. "నాకు తెలుసు. తాడనుకొని నీళ్ళల్లో నీ కత్తి అంచునే పట్టుకున్నా. గట్టిగా పట్టుకున్నా. చెయ్యి తెగలా."

"మరి ఏడాదిగా చెప్పలేదే!"

"ఉక్కుని తిడతా ఉండావు గదా. ఎప్పుడు ఆపతావో అని చూస్తా ఉండా." లేచి మట్టి దులుపుకుని, "పడవ ఎవురిది అడగాల?" అన్నాడు.

జనవరిలో నాలుగు రోజులూ పోయివచ్చాం. ఆ నీళ్ళ మీది పొగమంచు ఇప్పటికీ కళ్ళు మూస్తే కనిపిస్తుంది. కొత్త కత్తికి తుప్పు మచ్చలు పడ్డాయి. సాయంత్రాలు నూనె గుడ్డతో తుడిచి, వంతులేసుకుని సాన పట్టుకున్నాం. ఏ ఉక్కు గొప్పదని ఎవరైనా అడిగితే, మీ చేతికి పదునెక్కేదే అంటాను. మిగతా గొప్పలన్నీ కొట్టువాడికి వదిలేయండి.

మీరూ ఆ దారిన వెళ్ళేట్టయితే ఒక్క పని చేయండి. పడవెక్కే ముందు, మీతో వచ్చే మనిషి కళ్ళ ముందే, తడిపిన నైలాన్ తాడు ముక్కను మీ కత్తితో కోయండి. తెగకపోతే, ఎందుకు తెగలేదో ఆ ఒడ్డు మీదే వాళ్ళకు చెప్పండి.