మోట కడియం

పోయిన వారం మెకానిక్ మా కారును పైకెత్తి నిలబెట్టినప్పుడు, వేడి సైలెన్సర్ గొట్టం మీద రెండు చుక్కల నూనె కారి కమిలింది. ఆ వాసనకు నేను కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కల్వకుర్తిలో మా వాకిట్లో, గౌను వేసుకున్న పిల్లనైపోయాను.

మా బావి ఎండిపోయాక బాపు, అంటే మా నాన్న, సేద్యం వదిలి, పాత కారొకటి పట్టుకుని అచ్చంపేట దాకా మనుషులను తిప్పేవాడు. సీతాఫలాల కాలంలో ఆ కారంతా తీపి వాసన, ఎండాకాలంలో ఎర్ర దుమ్ము, డిక్కీలో ఎవరివో మేకపిల్లలు. నాకది పండుగ బండి. బాపు తల్లి, మా అవ్వకు మాత్రం అది నాలుగు రోజుల ముచ్చట. ఒక్క మంచి వాన పడితే కొడుకు మళ్లీ బావి మీదికి వస్తాడని, దూలానికి వేలాడదీసిన మోటకు, అంటే ఎద్దులతో నీళ్లు తోడే ఆ పెద్ద తోలు సంచికి, ప్రతి అమావాస్యకూ ఆముదం పట్టించేది. చేతికి మిగిలిన జిడ్డును దాని నోటికున్న ఇనుప కడియానికీ, ఆ తర్వాత నా తలకూ రాసేది.

ఒకనాడు అదే అచ్చంపేట దారిలో ఇంకొకరి కారు కింద షాఫ్టు, ఇంజను తిప్పే తిప్పుడును వెనక చక్రాలకు అందించే ఆ పొడుగాటి ఇనుప గొట్టం, ఊడి రోడ్డులో దిగబడి బండి బోల్తా కొట్టింది. డ్రైవరు బతకలేదు. షాఫ్టు చుట్టూ కడియం బిగిస్తే విరిగినా కింద పడదని, దానికి తగిన ఇనుము మా దూలానికే వేలాడుతోందని మెకానిక్ ఖాసిం సాబు చెప్పాడు. బాపు దూలం వైపు చూసి తల దించుకున్నాడు.

“కడెం తీస్తె అది మోటెట్లయితది? ఇగ బాయి ముచ్చట ఒడిసినట్టే గద!” అని అవ్వ కస్సుమంది.

రెండు రోజులు తల్లీకొడుకులకు మాటల్లేవు. కారు కదిలినప్పుడల్లా నేను వీధి మలుపు దాకా వెంట పరిగెత్తేదాన్ని. మూడోరోజు పొద్దున్నే అవ్వ తానే కొడవలితో తోలు కోసి, కడియాన్ని బాపు ముందు పడేసింది.

“మోటను మల్ల కుట్టిచ్చుకోవచ్చు. నిన్నేడ కుట్టిచ్చుకోవాలె?” అంది, కోపంగానే.

సాబు దాన్ని కొలిమిలో కాల్చి, చిన్నగా వంచి, కారు కింద పడుకుని బిగించాడు. తీరా బండి కదిలాక పక్కనే పోయే పొగగొట్టం దానికి తగిలి ఒకటే గలగల. మళ్లీ విప్పి, రెంటి నడుమ వేలెడు సందు ఉండేలా వంచాడు. అంతా బాగుందనుకున్నాం. అమావాస్య రాగానే అవ్వ అలవాటు కొద్దీ కారు కిందికి దూరి, కడియానికీ పొగగొట్టానికీ ఆముదం దట్టంగా పులిమింది! సంత దాకా వెళ్లేసరికి కింది నుంచి పొగ లేచి, ఎక్కినవాళ్లంతా సంచులు వదిలేసి దూకారట. ఆ తర్వాత కూడా అవ్వ మానలేదు, కాకపోతే రోజుకు ఒక్క చుక్కే. సాయంత్రం ఆ కమురు వాసన ముందు వచ్చేది, బాపు వెనక వచ్చేవాడు.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. బావి నిండింది. అవ్వ గట్టున కూర్చుని చాలాసేపు నీళ్లనే చూసింది, మోట మాట ఎత్తలేదు. అదే ముసురులో ఒక సాయంత్రం వాసనా రాలేదు, బాపూ రాలేదు. దీపాలు పెట్టే వేళకు తడిసి ముద్దయి నడిచొచ్చాడు.

“షాఫ్టు ఇరిగిందే అమ్మా. కడెం పట్టుకున్నది,” అన్నాడు.

అవ్వ ఆయన చేతులు రెండూ పట్టుకుని, మోటకు ఆముదం పట్టించినట్టే మోచేతుల దాకా నిమురుతూ కూర్చుంది.

ఇప్పుడా బావి పూడిపోయింది. మోట చూసినవాళ్లే తక్కువ. అవ్వా లేదు, బాపూ లేడు.

“నూనె కారుతాందమ్మా, తుడుస్త,” అన్నాడు మెకానిక్.

“జర సేపు ఉండనియ్యి బిడ్డా,” అన్నాను. ఆ పొగలో ఆముదం లేదని తెలుసు. అయినా నా కళ్లు వీధి మలుపు మీదే ఉన్నాయి.