తెర అవతల నా కాలు

నిరుడు మగ్గం గుంతలో కాలితో తొక్కే చెక్క గీసుకుని నా కాలి బొటనవేలికి పుండు పడింది. షుగరు ఉండటంతో ఎంతకీ మానలేదు. మా ఆయన నన్ను ధర్మవరం నుంచి హిందూపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పుండు శుభ్రం చేస్తారనే అనుకున్నాను.

నడుముకు మత్తు సూది వేశారు. కాళ్లు మొద్దుబారాయి. కడుపు మీదుగా అడ్డంగా తెర కట్టారు. అవతల డాక్టరుగారు, "వేలు ఎంతవరకు తీద్దాం?" అని ఎవరినో అడిగారు.

"ఏం తీస్తాండారు సార్?" అని అరిచాను.

"వేలమ్మా. తీసేస్తే ఖర్చు ఆరోగ్య కార్డులో వస్తాది. రోజూ కట్టు కట్టించుకునేదానికి రాదు. మీ ఆయన సంతకం పెట్టినాడు కదా."

"కాలు నాది సార్! నన్ను ఎవురూ అడగల్యా! ఆపండి!"

తెర అవతల ఏం చేస్తున్నారో కనబడలేదు. అప్పటికే కోసేశారా? కదిలిద్దామంటే అసలు కాలున్నట్టే తెలియడం లేదు. పక్కనున్న నర్సు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఉండాదా పాపా, నా వేలు ఉండాదా?"

ఆమె తెర దించి, నా తల పైకెత్తి చూపించింది. ఉంది. డాక్టరుగారు వేలు తీయకుండా పుండు శుభ్రం చేసి కట్టు కట్టారు.

"నువ్వు భయపడతావని చెప్పల్యా," అన్నాడు బయట మా ఆయన.

కట్లకు చేతి డబ్బు పెట్టుకున్నాం. నెమ్మదిగా పుండు మానింది. మా ఆయన మంచివాడే, కానీ ఆసుపత్రిలో నా సంతకం ఇప్పుడు నేనే పెడుతున్నాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టిన ప్రతిసారీ ముందు ఆ వేలు కదిలించి చూసుకుంటాను. ఆ తర్వాతే తొక్కుతాను.

— నాగలక్ష్మి, ధర్మవరం