ఎడమచేత్తో లేపిన సెల్యూట్

డెబ్బైల తొలి రోజుల్లో గోదావరిఖని నుంచి కరీంనగర్ పోయే బస్సులో నా పక్కన ఒక కానిస్టేబుల్ కూర్చున్నాడు. బొగ్గుబాయి కార్మికులం, మేము పోలీసులతో మాట కలపం. కానీ ఒళ్లో చచ్చుబడి ఉన్న అతని కుడిచెయ్యి చూసి ఉండబట్టలేకపోయాను.

"ఏమైంది సారూ?"

"సమ్మెల మీ బాయి గేటు కూలి మీద పడ్డదన్నా. సెల్యూట్ కొట్టరానోడు పోలీసెట్లయితడు, నౌకరి తీసేస్తమంటున్నరు. కూసొని రాసే పనియ్యున్రి అంటె ఇంటలేరు. ఇయ్యాల పెద్ద దవాఖానల చెయ్యి చూస్తరట."

బసంత్‌నగర్ దాటాక బస్సు ఆగింది. ఎదురుగా డప్పులతో శవం వస్తోంది. పాడె మీద బాయి టోపీ పెట్టి ఉంది. బాయిలో పైకప్పు కూలి చనిపోయిన మావాడెవరో.

కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పళ్లు బిగబట్టి, నుదుటిదాకా లేపాడు. పాడె దాటిపోయేదాకా దించలేదు. ముఖమంతా చెమట.

కూర్చుని మణికట్టు వదిలాడు. చెయ్యి ఒళ్లో పడింది.

"ఇట్ల కొడితె సెల్యూట్ కాదటన్నా," అన్నాడు.

అతని నౌకరి నిలిచిందో లేదో నాకు తెలియదు. పాడె ఎదురైతే మాత్రం నా ఎడమచెయ్యి ఇప్పటికీ కుడి మణికట్టును వెతుక్కుంటుంది.