తలకిందులైన బోరు

మా సైన్సు సారు పోయారని వికారాబాదు నుంచి ఆయన తమ్ముడు బడికొచ్చి చెప్పాడు. సారుతో ఏళ్ల తరబడి ఒకే గదిలో కూర్చున్న తెలుగు పంతులుని నేను. ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. తప్పు నాది కాదు, ఆయనది.

సారుకు భూమి లోపలి వేడి కొలిచే పిచ్చి. బావి కనిపించినా, బోరు కనిపించినా తాడుకు థర్మామీటరు కట్టి దించాల్సిందే. పైకి లాగేలోపు అంకె మారకుండా దాని బుడ్డికి మైనం దట్టంగా పూసేవారు. దించాక చాలాసేపు ఆగాలి. అంతసేపూ తాడు పట్టుకునేది నేనే.

"పద్యం చదువుకో పంతులూ, తాడు మాత్రం ఊపకు" అనేవారు.

తాండూరు పక్కన ఒక పటేలు గని కోసం నాపరాయి ఎంత లోతుందో చూద్దామని బోరు వేయించాడు. చలికాలం పొద్దున ఆ నీళ్లు తోడితే పొగలొచ్చాయి. పటేలు పొంగిపోయి ఉడుకునీళ్ల గుండమని చాటించాడు. స్నానాల గదులకు బండలు దింపించాడు. పక్కూరు పెద్దేముల్‌లో ముసలమ్మలు ఆ నీళ్ల మీద నమ్మకంతో కీళ్లనొప్పుల మందు మానేశారు.

"ఇది ఉడుకునీళ్ల గుండమే అని ఒక్క కాయితం రాసియ్యి సారూ, సాలు" అన్నాడు పటేలు.

కొలవనిదే ఆయన రాయరు. మర్నాడు పొద్దున్నే పోయి దించాం. పైన మస్తు వేడి. నడుమ చల్లన. అడుగున కొంచెం వెచ్చన. సారు మళ్లీ దించారు. అవే అంకెలు.

"లోతుకు పోయినకొద్ది వేడి పెరగాలె గద పటేలా. నీ భూమి తలకిందులున్నదేంది?"

పటేలు వెనకున్న జీతగాడు ఎవరూ అడగకుండానే బయటపడ్డాడు. "నాలుగు కాగుల ఉడుకునీళ్లే పోసిన సారూ!"

నేను పగలబడి నవ్వాను. ఇంకోసారి దించుతున్న తాడు చేతిలోంచి జారింది. థర్మామీటరు బోరు పాలైంది. సారు కోప్పడలేదు. "అంకెలు రాసుకున్నం తియ్యి" అన్నారు.

పటేలు మాత్రం మండిపడ్డాడు. "నిన్ను దౌల్తాబాదుకు బదిలీ చేయిస్త!"

"ఆడ గూడ బావులున్నయి గద పటేలా."

కాగితం రాసే ఇచ్చారు: నీళ్లు గోరువెచ్చన, పొగలు చలి వల్ల, ఎవరూ మందు మానొద్దు. ముసలమ్మలు మళ్లీ మందు మొదలుపెట్టారు. బదిలీ కూడా వచ్చింది. సారు మైనం ముద్ద మూటగట్టుకుని బస్సెక్కారు. ఒక్క మాట తూలలేదు. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకుండా నిజం చెప్పొచ్చని నాకు తెలిసింది ఆయన వల్లే.

మరుసటేడు పటేలే దౌల్తాబాదు పోయాడు. "ఇంకో బోరు ఏసిన. జీతగాన్ని ఊరికి పంపిన. జర రా సారూ" అని పిలుచుకొచ్చాడు.

సారు పోయారనగానే నాకు గుర్తొచ్చింది ఆ రోజే. నన్నెవరూ తాడు పట్టుకోమనలేదు, పటేలే పట్టుకున్నాడు. ఎర్రటి ఎండలో సారూ పటేలూ నేల మీద బోర్లా పడుకుని, తలా తలా ఆనించి, ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆ బొక్కలోకి చూస్తున్నారు.