తొట్టి మట్టం కదలని పూట

బెంగళూరులో ఏసీ గదిలో కూర్చుని, చేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని, గోదావరి అవతల ఇనుప గోపురం కింద పనిచేసుకునే మనుషుల్ని చంపేయవచ్చని ఆ బుధవారం దాకా నాకు తెలియదు.

మాది నగర్తపేట వెనక సందు. నాన్న పట్టు మగ్గం నేసేవారు. ఒకచోట కూర్చునే పని నా ఒంటికి పడక, డిప్లొమా చేసి చమురు బావులు తవ్వే రిగ్గు ఎక్కాను. ఎక్కానంటే మాటవరసకు కాదు. రిగ్గు మీద నా ఉద్యోగం డెరిక్‌మ్యాన్. తొమ్మిది అంతస్తుల ఎత్తున, నడుముకు బెల్టు కట్టుకుని నిలబడి, బావిలోంచి పైకి లాగిన గొట్టాలను ఒడిసిపట్టి అరల్లో సర్దేవాడన్నమాట. కింద బ్రేకు పట్టుకుని ఆ గొట్టాలను దించేవాడు, లాగేవాడు డ్రిల్లర్. అతని చుట్టూ గ్రీజూ బురదా పూసుకుని ఇనుప పటకార్లు తిప్పేవాళ్ళు ఫ్లోర్‌మెన్. అందరి మీదా అరిచేవాడు టూల్ పుషర్. అరవడానికే అతనికి జీతమని మేమనుకునేవాళ్ళం.

గొట్టాల పని లేనప్పుడు డెరిక్‌మ్యాన్ కిందికి దిగి మడ్ తొట్లు చూసుకోవాలి. మడ్ అంటే ఉత్త బురద కాదు. మట్టీ మందులూ కలిపి చిక్కగా చేసిన ద్రవం. పంపు తోస్తే గొట్టంలోంచి బావి అడుగుకు పోతుంది, తవ్విన రాతిపొడిని మోసుకుని పైకొస్తుంది, జల్లెడ మీద పడి మళ్ళీ తొట్టిలోకి చేరుతుంది. దాని బరువే కింద ఉన్న గ్యాసును అదిమిపెట్టి ఉంచుతుంది. పంపినంత తిరిగొస్తే క్షేమం. పంపినదానికంటే ఎక్కువ వచ్చిందంటే కింద గ్యాసు తోసుకొస్తోందని అర్థం. అది పైకొచ్చి నిప్పు తగిలితే రిగ్గూ ఉండదు, మనుషులూ ఉండరు. అందుకే తొట్టిలో మట్టం కనిపెట్టడానికి ఫ్లోట్ ఒకటి ఉంటుంది, మన మిద్దెల మీద నీళ్ళ ట్యాంకులో తేలే బంతిలాంటిది. మట్టం కాస్త పెరిగినా అలారం మోగుతుంది.

మోకాలు అరిగిపోయాక డాక్టరు ఇక నిచ్చెన ఎక్కొద్దన్నాడు. ఊరికి తిరిగొచ్చి కాడుగోడి దగ్గర ఒక ఆఫీసులో చేరాను. దూరాన ఉన్న రిగ్గుల మీది కొలతలన్నీ మా గదిలో తెరల మీద గీతలుగా నడుస్తుంటాయి. వాటిని చూస్తూ గంటకోసారి "అన్నీ మామూలే" అని రిగ్గుకు కబురు పెట్టాలి. ఏళ్ళ తరబడి ఎండలో మాడినవాడికి ఇది అత్తారింటి మర్యాదలాంటి ఉద్యోగం. మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

"సుమ్మనే గీతలు చూస్తా కూర్చుంటే జీతమిస్తారా మీకి?" అంటుంది.

నా పక్క కుర్చీలో విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. చదువులో గట్టిది. రిగ్గును మాత్రం ఫోటోల్లోనే చూసింది. "పుస్తకంలో గ్రీజు వాసన రాదమ్మా" అని నేను రోజూ ఏడిపించేవాణ్ణి. పాపం, నవ్వి ఊరుకునేది.

ఆ బుధవారం మేం చూస్తున్న రిగ్గు మీద మనుషులు మారే రోజు. పద్నాలుగు రోజులు పనిచేసినవాళ్ళు బస్సెక్కి ఇళ్ళకు పోతారు, కొత్తవాళ్ళు దిగుతారు. కొత్తగా దిగిన డ్రిల్లర్ నాకు బాగా తెలిసినవాడు. రాజోలు వైపు మనిషి. నేను డెరిక్‌మ్యాన్‌గా ఉన్నప్పుడు నా కింద ఫ్లోర్ మీద పనిచేశాడు. నన్ను గురువుగారూ అంటాడు. నాకు ఆ పిలుపు మహా ఇష్టం, దాచడమెందుకు.

పదకొండు కావస్తుండగా అమ్మాయి అంది: "సర్, బావిలోంచి బయటికొచ్చే ఫ్లో కొంచెం కొంచెం పెరుగుతోంది. ట్యాంక్ లెవెల్ మాత్రం అస్సలు మూవ్ అవ్వట్లేదు. ఎందుకలా?"

నేను తలెత్తి చూశాను. తొట్టి మట్టం గీత స్కేలు పెట్టి గీసినట్టు నున్నగా ఉంది.

"ఆ ఫ్లో చూపే రేకు ఉండాది చూడు, దానికి రాతిముక్క అడ్డం పడుంటాదమ్మా. దాన్ని నమ్మొద్దు. ఫ్లోట్‌ని నమ్ము. మావాడు డ్యూటీ ఎక్కినాడు, చూడు ఎంత నీటుగా నడుస్తుండాదో" అన్నాను. అని, "అన్నీ మామూలే" అన్న కబురు రిగ్గుకు పంపించి, కాఫీ తెచ్చుకోవడానికి లేచాను.

తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి పొద్దుటి రిపోర్టు తీసి చదువుతోంది.

"సర్, ఒక డౌట్. ఏమీ అనుకోకండి. తొమ్మిదిన్నరకి కొత్త మడ్ కలిపి ట్యాంక్‌లో పోశామని వీళ్ళే రాశారు. పోస్తే లెవెల్ పెరగాలి కదా? తొమ్మిది నుంచి లైన్ స్ట్రెయిట్‌గానే ఉంది."

చిన్నపిల్లలు అడిగే ప్రశ్న అది. బిందెలో నీళ్ళు పోస్తే బిందె నిండాలి కదా అని. కాఫీ ఎక్కడ పెట్టానో తెలియదు, తర్వాత చూస్తే కీబోర్డంతా కాఫీయే.

ఎందుకంటే ఆ నున్నటి గీత ఎలా వస్తుందో భూమ్మీద నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. దాన్ని పుట్టించింది నేనే.

ఆ రోజుల్లో తొట్టిలో కొత్త మడ్ కలిపినప్పుడల్లా మట్టం పెరిగి అలారం కేకలు పెట్టేది. అది విని టూల్ పుషర్ అంతకు రెట్టింపు కేకలు పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు ఫ్లోట్ కడ్డీని పురికొసతో తొట్టి అంచుకు కట్టేశాను. ఇక మట్టం ఎంత పెరిగినా ఫ్లోట్ కదలదు, అలారం నోరెత్తదు. మగ్గం తొక్కుడు చెక్కలకు నాన్న తాళ్ళు కట్టే ముడి ఒకటుంది. ఎంత లాగినా జారదు, కొస పట్టి గుంజితే చటుక్కున ఊడిపోతుంది. ఆ ముడే వేశాను. కలపడం అయిపోయాక గుంజేసేవాణ్ణి. మరిచిపోకుండా డ్రిల్లర్ బ్రేకు కర్రకు ఒక ఎర్రగుడ్డ కట్టేవాణ్ణి. గుడ్డ ఉన్నంతసేపూ ఫ్లోట్‌ను నమ్మకూడదని అందరికీ తెలుసు. కట్టినవాడే విప్పాలన్నది మా కట్టుబాటు. నాకు ఎంత తెలివనుకున్నానో! పక్క షిఫ్టువాళ్ళు వచ్చి నేర్చుకుని పోయేవాళ్ళు. నేను మీసం మీద చెయ్యేసుకుని మరీ నేర్పాను.

తర్వాత తనిఖీవాళ్ళు రావడం ఎక్కువైంది. బ్రేకుకు ఈ గుడ్డేమిటని అడిగితే ఏం చెప్తారు? గుడ్డ కట్టడం మానేశారు. పురికొస మానలేదు. ఇది నాకు చాలాకాలం కిందటే తెలుసు. తెలిసీ నవ్వుకున్నాను.

ఇప్పుడు లెక్క తేలిపోయింది. పొద్దున మడ్ కలిపిన పాత డెరిక్‌మ్యాన్ ఫ్లోట్ కట్టి, విప్పడం మరిచి, బస్సెక్కేశాడు. కొత్తవాళ్ళకు కట్టిన సంగతే తెలియదు. బావిలోంచి ఎక్కువ మడ్ వస్తోంది, అంటే కింద గ్యాసు తోస్తోంది. దాన్ని చూపించాల్సిన ఫ్లోట్ కాళ్ళూ చేతులూ కట్టేసి పడుంది.

మా గదికొక నియమం ఉంది. డ్రిల్లర్‌తో మేం నేరుగా మాట్లాడకూడదు, రిగ్గు మీద ఉండే పెద్దాయన ద్వారానే వెళ్ళాలి. ఆయన ఫోను మోగి మోగి ఆగిపోయింది. కొత్తగా దిగినవాళ్ళతో భోజనాల దగ్గర ఉన్నాడని తర్వాత తెలిసింది. నియమం గంగలో కలవనీ అనుకుని డ్రిల్లర్ పక్కనుండే రేకుగది నంబరు కొట్టాను. రెండుసార్లు తప్పు నంబరు పోయింది.

"ఆయ్, చెప్పండి గురువుగారూ! బెంగుళూర్లో వానలాండీ?"

"పంపు ఆపప్పా. ముందు పంపు ఆపు. ఫ్లోట్ కట్టేసుండాది."

"ఎవరు చెప్పారండీ?"

"గీత చెప్తుండాది. ఆపప్పా నీకు దండం పెడతా!"

అతను ఇంకొక్క మాట అడగలేదు. ఫోను బల్ల మీద పడేసిన చప్పుడు వినబడింది. పెట్టెయ్యలేదు, పడేశాడు. అందువల్ల అంతా నా చెవిలోనే జరిగింది. పంపు గుర్రుమని గుర్రుమని ఆగిపోయింది. ఇనుప పలకల మీద బూట్లు పరుగెత్తాయి. పంపు ఆగాక బావి నిమ్మళంగా ఉండాలి. ఎవరో గొంతు చించుకుని "ఆగట్లేదు! పొంగుతూనే ఉంది!" అని అరిచారు. హారన్ మోగడం మొదలైంది. ఇక్కడ తెర మీద, అప్పటిదాకా నిద్రపోయిన మట్టం గీత ఒక్కసారిగా నిటారుగా లేచి, స్కేలు పైఅంచు దాటిపోయింది. అక్కడెవరో కొస పట్టి గుంజారన్నమాట. పక్కనున్న అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

బావి మూతి మీద లావాటి ఇనుప దవడలు ఉంటాయి, ఇలాంటి పూట కోసమే. అవి మూసుకుంటే గ్యాసు ఆగుతుంది. మూసుకోకపోతే నేను చేయగలిగింది ఆ ఫోను పట్టుకుని వినడమే. ఒత్తిడి చూపే గీత పైకి పోయింది, ఇంకా పోయింది, తర్వాత అక్కడే నిలబడింది. నిలబడిందని అమ్మాయి చెప్తేగానీ నాకు తెలియలేదు. నా కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చాయి.

చాలాసేపటికి డ్రిల్లర్ ఫోను అందుకున్నాడు.

"మూసేశానండి" అన్నాడు. "అందరూ ఉన్నారండి. లెక్కెట్టానండి."

"దేవుడుండాడప్పా" అన్నాను.

"జల్లెడ పక్కన పగిలిన బ్రాకెట్టుకి వెల్డింగు పెట్టుకున్నామండీ. గ్యాసంతా అక్కడికే వచ్చిందండి. వెల్డరు ముసుగు దించుకుని కడ్డీ చేత్తో పట్టుకున్నాడండి, హారన్ మోగింది. అంటించే లోపల మోగింది. నేనే పర్మిట్ ఇచ్చానండి. మట్టం నున్నగా ఉంది, మీ గదిలోంచి అన్నీ మామూలే అని కబురు కూడా వచ్చింది కదండీ."

ఆ కబురు పంపిన వేలు నా చేతికే ఉంది.

సాయంత్రం మెట్రోలో బొమ్మలా నిలబడి ఇంటికొచ్చాను. మా ఆవిడ తలుపు తీసి, "ఏమాయె మీకి? మొగం అట్లుండాదే?" అంది. ఏమీ లేదన్నాను. అన్నం కలిపాను గానీ ముద్ద ఎత్తలేకపోయాను. అప్పుడే డ్రిల్లర్ మళ్ళీ ఫోను చేశాడు.

"ఇక్కడందరూ మిమ్మల్ని దేవుడంటున్నారండీ. బెంగుళూర్నించి చూసి కాపాడేశారని." గొంతులో వేళాకోళం లేదు, సంతోషమూ లేదు. "నేను మాత్రం అనలేదండి. కొస గుంజగానే చటుక్కున ఊడిపోయిందంటండి గురువుగారూ, ఏ ముడో నాకు తెలిసిపోయింది. అది మా వైపు ముడి కాదండి. మీరు నాకు నేర్పారు. పొద్దున కట్టినవాడికి నేను నేర్పాను."

"ఆ పాత డెరిక్‌మ్యాన్ ఎక్కడుండాడప్పా?"

"దారిలో బస్సాపి దింపేశారండి. ఉద్యోగం తీసేస్తారంట. మన సంగతి నేనెవరికీ చెప్పలేదండి. చెప్పనండి కూడా."

నన్ను కాపాడుతున్నాననుకుంటున్నాడు. ఆ మాట విని సిగ్గుతో చచ్చిపోయాను. గ్యాసు పేలుంటే మొదట పోయేవాడు అతనే. నా పరువు గురించి అతనికి బెంగ!

మర్నాడు ఆఫీసులో మేనేజరు అందరినీ పిలిచి నా మీద శాలువా కప్పాడు. మైసూర్‌పాక్ పంచారు. చప్పట్లు కొట్టారు. నేను ఉత్సవ విగ్రహంలా నిలబడ్డాను. నిజానికి ఆ ప్రశ్న అడిగింది అమ్మాయి అని కూడా చెప్పలేదు. అంత పిరికివాణ్ణని నాకు అప్పటిదాకా తెలియదు.

జనం వెళ్ళాక ఆమె రిపోర్టు టైపు చేయడానికి కూర్చుంది.

"సర్, కారణం అన్న కాలమ్‌లో డెరిక్‌మ్యాన్ నెగ్లిజెన్స్ అని రిగ్గు వాళ్ళు పంపారు. అదే పెట్టేయనా?"

"వద్దమ్మా. ఫ్లోట్ కట్టే పద్ధతి కనిపెట్టినవాడు, అందరికీ నేర్పినవాడు వేరే ఉండాడు. ఆ పేరు పెట్టు."

"ఎవరు సర్?"

"నేనే."

ఆమె పకపకా నవ్వింది. "జోక్స్ వద్దు సర్, మేనేజర్ వెయిట్ చేస్తున్నారు."

శాలువా తీసి కుర్చీ మీద పెట్టాను. రాసుకోమని, ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పడం మొదలుపెట్టాను. ఇంటిపేరు దగ్గరే ఆమె నవ్వు ఆగిపోయింది.