పుస్తకంలో పోయిన అవ్వ

మొన్న ఆదివారం మా మనవరాలు మాదాపూర్‌లోని తన ఆఫీసు కబుర్లన్నీ చెప్పడం అయ్యాక, "అవ్వా, ఈ నెలంతా ఇండియన్ బుక్సే చదవాలని ఫ్రెండ్సందరం పందెం వేసుకున్నాం. అప్పుడే నాలుగయ్యాయి," అంది గొప్పగా. నాకు నవ్వొచ్చింది. అలాంటి నెల నేనూ ఒకటి గడిపాను, పందెం గిందెం లేకుండానే. అందులో నేను సరిగ్గా చదివినవాటికంటే, తప్పు చదివినదే నాకు బాగా గుర్తుండిపోయింది.

డెబ్బైల మొదటి మాట. మావారికి ఫ్యాక్టరీలో ఉద్యోగమని నెల్లూరు నుంచి వచ్చి, శేరిలింగంపల్లిలో ఓ పెంకుటింట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. అప్పట్లో అక్కడ రాళ్లగుట్టలు, జొన్నచేలు, మధ్యమధ్య రైలుకూత, అంతే. ఆ వేసవిలో ఫ్యాక్టరీ లైబ్రరీకి సున్నాలు వేస్తున్నారని, పుస్తకాలు నెల రోజులు ఇళ్లల్లో దాచిపెట్టమని సభ్యులకు తలా ఒక కట్ట పంచారు. మావారు తెచ్చిన కట్ట విప్పితే అన్నీ అనువాదాలే. కన్నడం, మరాఠీ, మలయాళం, బెంగాలీ. దేశమంతా మా సైకిల్ క్యారియర్ మీద వచ్చి దిగింది.

మాకు గదులు కిరాయికిచ్చిన ఇంటావిడకు నలభై దాటి ఉంటాయి. చదువు రాదు గానీ కుతూహలం మాత్రం వీధికంతా సరిపడా ఉండేది. మధ్యాహ్నాలు అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ, "జర గట్టిగ చదువు బిడ్డా. మనసుల చదువుకుంటే నాకెట్ల ఇనవడ్తది?" అనేది. మరాఠీ నవలలోని గయ్యాళి అత్తగారిని తన తోటికోడలి పేరు పెట్టి తిట్టింది. మలయాళం నవలలో పేజీలకు పేజీలు వాన కురుస్తుంటే, "గా వాన జర మా చెల్కల వడితే ఏం వోతుండె!" అని నిట్టూర్చింది.

ఆమె పుట్టిల్లు మియాపూర్. రెండు క్రోసులైనా లేదు. తల్లి అక్కడే ఉన్నా, నాలుగేళ్లుగా ఈవిడ ఆ గడప తొక్కలేదు. తమ్ముడి పెళ్లికి తల్లి స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా పాలాయనతో కబురంపిందని అలక. "పాలాయన పిలిస్తె పోతరా ఎవలన్న?" అనేది. తల్లికి ఆయాసం ఎక్కువైందని ఎవరో చెప్పినప్పుడు కూడా తల తిప్పలేదు. ఆ పూట మాత్రం తీసిన గింజల్ని మళ్లీ చింతపండులోనే పడేసింది.

మూడోవారంలో బెంగాలీ నవల మొదలుపెట్టాం. అలిగి ఊరొదిలిన కథానాయకుడు తిరిగొచ్చేసరికి, వాకిట్లో ఎదురుచూసి చూసి అవ్వ కన్నుమూస్తుంది. ఆ ముక్క చదివి తలెత్తితే, ఇంటావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "కన్నతల్లి సచ్చినంక వచ్చి ఏం జేస్తడే ఆడు?" అంది. అప్పుడు వెలిగింది నాకు. అనువాదకుడు మా వైపు మనిషి కాబోలు, నాయనమ్మను అవ్వ అని రాశాడు. ఇక్కడివాళ్లకు అవ్వ అంటే అమ్మ! చెబుదామని నోరు తెరిచేలోగా ఆవిడ లేచి, చెప్పులేసుకుని, ఆ ఎండలోనే మియాపూర్ దారి పట్టింది. తెరిచిన నోరు మూసుకున్నాను.

మూడో రోజు ఎడ్లబండిలో తల్లిని వెంటబెట్టుకుని దిగింది. ఆయాసపడుతూనే పకపకా నవ్వే బక్కపల్చటి ముసలామె. "మా అవ్వ," అంది ఇంటావిడ మురిసిపోతూ. "మిగిలిన కత ఈమెకు గూడ ఇనిపియ్యి."

ఆ మూడు రోజుల్లో మిగిలిన కథ నేను ముందే చదివేశాను. తరువాతి అధ్యాయంలో కథానాయకుడి కన్నతల్లి పట్నం నుంచి వచ్చి, నిక్షేపంగా చేపలు వేయిస్తూ కూర్చుంటుంది! ఆ సంగతి బయటపడితే ఈవిడ మళ్లీ అలిగి, తల్లిని అదే బండిలో వెనక్కి పంపేస్తే? అందుకని చివరిదాకా "అమ్మ" అని ఉన్నచోటల్లా "చిన్నమ్మ" అని చదివాను. ఒకచోట కొడుక్కి పాలిచ్చిన రోజులు ఆ నవలలో తల్లి తలచుకుంటుంది. "చిన్నమ్మ పాలిచ్చిందా?" అని అడిగింది ముసలామె. "బెంగాల్లో ఇస్తారండీ," అన్నాను చెమటలు తుడుచుకుంటూ.

నెలాఖరుకి పుస్తకాల కట్ట తిరిగి వెళ్లిపోయింది. ముసలామె మాత్రం దసరా దాకా ఉంది. పండగనాడు భోజనానికి పిలవడానికి ఇంటావిడ కుంకుమ భరిణతో వచ్చి, నాకు బొట్టు పెట్టి, గొంతు తగ్గించి అంది: "చిన్నమ్మ అన్నప్పుడల్ల గుటకలు మింగినవ్. ఆమెనే తల్లి అని నాకెరుకే బిడ్డా."

"మరి అప్పుడే అడగలేదేమండీ?"

"అడిగితె మల్ల అలగాలె గద. ఇగ నాకంత ఓపిక లేకుండె."

ముసలామె ఆ తరువాత ఇంకా చాలా వేసవులు కూతురి అరుగు మీద నవ్వుతూ గడిపింది. ఆ రోజు ఇంటావిడ ఎండలో నడిచి వెళ్లిన మియాపూర్‌లోనే ఇప్పుడు మా ఫ్లాటు. మనవరాలు "అవ్వా" అని పిలిస్తే, పలికేముందు ఒక్క క్షణం ఆ ఇద్దరూ గుర్తొస్తారు. నాలుగేళ్ల అలక ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది గానీ, ఆ మధ్యాహ్నం మాత్రం ఇన్నేళ్లయినా నాకు అయిపోలేదు.